హైదరాబాద్‌లో ఫ్లాటు కొనాలన్నా, అమ్మాలన్నా మీ ప్రాంతపు ధరను మీరే తేల్చుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో ఇళ్ల ధరలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అన్న ప్రశ్నకు నగరమంతటికీ సరిపోయే జవాబు లేదు. కోకాపేటలో నలభై అంతస్తుల భవనంలో నాలుగు పడక గదుల ఫ్లాటుకూ, నాగోలులో ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో రెండు పడక గదుల ఫ్లాటుకూ కొనేవారు వేరు, అమ్మేవారు వేరు, ధర కదిలే కారణాలు కూడా వేరు. ఈ రెండింటినీ కలిపి తీసిన సగటు పత్రికలో వార్తగా పనికివస్తుందేమో గానీ, రేపు బయానా ఇవ్వబోయే కుటుంబానికి పనికిరాదు. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు మూడు నెలలకోసారి ప్రకటించే ఇళ్ల ధరల సూచీ రెసిడెక్స్‌లో హైదరాబాద్ కూడా ఉంటుంది కాబట్టి నగరం గాలి ఎటు వీస్తున్నదో తెలుసుకోవడానికి దాన్ని ఒకసారి చూడండి. అసలు లెక్క మాత్రం మీరు కొనదలచిన లేదా అమ్మదలచిన ఇంటి చుట్టూ ఉన్న కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపలే తేలుతుంది. ఆ లెక్కకు కావలసిన కాగితాల్లో చాలా భాగం ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఎవరైనా చూడగలిగేటట్టు ఉన్నాయి. వాటిని వరుసగా ఎలా చూడాలో, చూసినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో కింద వివరిస్తున్నాను. మొదటి ఐదు మెట్లు కొనేవారికీ అమ్మేవారికీ ఉమ్మడివి. ఆ తర్వాత దారులు వేరవుతాయి.

మొదటి మెట్టు: ఏ ఇంటిని ఏ ఇంటితో పోల్చాలో తేల్చుకోండి

ముందుగా హద్దు గీసుకోండి. మియాపూర్ మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఫ్లాటును బాచుపల్లి లోపలి కాలనీలోని ఫ్లాటుతో పోల్చవద్దు, రెండూ ఒకే దిక్కున ఉన్నాయని మధ్యవర్తి చెప్పినా సరే. అలాగే గేటెడ్ కమ్యూనిటీని గేటెడ్ కమ్యూనిటీతోనూ, విడిగా కట్టిన అపార్ట్‌మెంటును అలాంటిదానితోనూ, పదేళ్ల పాత ఫ్లాటును దాదాపు అదే వయసున్న ఫ్లాటుతోనూ మాత్రమే పోల్చాలి. తూర్పు ముఖం ఫ్లాటుకు మన దగ్గర కొంత ఎక్కువ ధర పలుకుతుంది కాబట్టి పోలికలో దిక్కును కూడా రాసుకోండి.

ఆ తర్వాత అన్ని ధరలనూ ఒకే కొలతలోకి మార్చండి. హైదరాబాద్‌లో బిల్డర్లు చెప్పే చదరపు అడుగు ధర చాలావరకు అమ్మకపు విస్తీర్ణానికి సంబంధించినది. అందులో మెట్లు, లిఫ్టు, నడవా, క్లబ్‌హౌస్ వాటా కూడా కలిసి ఉంటాయి. మీరు తిరిగే, పడుకునే, వంట చేసుకునే చోటును కార్పెట్ ఏరియా అంటారు. స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, నిర్వచనం ప్రకారం లోపలి గదుల మధ్య గోడలు ఇందులోకి వస్తాయి గానీ బయటి గోడలు, బాల్కనీ, డాబా రావు.

ఒక ఉదాహరణ చూడండి. మొదటి ఫ్లాటు అమ్మకపు విస్తీర్ణం 1,500 చదరపు అడుగులు, ధర అడుగుకు రూ.7,000, అంటే మొత్తం రూ.1.05 కోట్లు. రెండవది 1,350 చదరపు అడుగులు, అడుగుకు రూ.7,500, మొత్తం రూ.1,01,25,000. రెండింటి కార్పెట్ ఏరియా 1,000 చదరపు అడుగులే అనుకుంటే, మొదటిది అడుగుకు రూ.10,500 పడుతుంది, రెండవది రూ.10,125 మాత్రమే. చెప్పిన రేటులో చవకగా కనిపించినదే నిజానికి ఖరీదైనదన్నమాట. ఈ మార్పిడి చేయకుండా చేసే పోలికలన్నీ వృథా.

కార్పెట్ ఏరియాతో పాటు ఆ ఫ్లాటుకు వచ్చే అవిభాజ్య భూమి వాటా, అంటే యూడీఎస్, ఎన్ని గజాలో కూడా ఒక గడిలో రాసుకోండి. కాలం గడిచేకొద్దీ కట్టడం పాతబడుతుంది, విలువ పెరిగేది నేలకే. పాత ఫ్లాటు గోడలు పెచ్చులూడుతున్నా దానికి యాభై అరవై గజాల వాటా ఉన్నప్పుడు, ఆకాశహర్మ్యంలోని కొత్త ఫ్లాటుకు అందులో మూడో వంతు కూడా లేనప్పుడు ఆ తేడాను ధరలో లెక్కవేయక తప్పదు.

రెండవ మెట్టు: అడిగే ధరను పక్కన పెట్టి, జరిగిన ధరను వెతకండి

వెబ్‌సైట్లలోనూ, గేటుకు కట్టిన బోర్డుల మీదా కనిపించేది అమ్మేవారి కోరిక మాత్రమే. బేరం తెగిన ధర తెలియాలంటే తెలంగాణ స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, వెతకాలి. గ్రామం లేదా ప్రాంతం, అపార్ట్‌మెంటు పేరు, ఫ్లాటు నంబరు, లేదంటే సర్వే నంబరు ఇచ్చి వెతికితే ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీలు వరుసగా కనిపిస్తాయి. ప్రతి లావాదేవీ దగ్గర తేదీ, దస్తావేజు రకం, రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ, అమ్మకపు ప్రతిఫలం, అంటే దస్తావేజులో రాసిన ధర, ఉంటాయి. మీకు నచ్చిన ఫ్లాటు ఒక్కదానికే కాకుండా అదే భవనంలోని మరికొన్ని ఫ్లాట్లకు కూడా ఇలా వెతికి, గత ఏడాది రెండేళ్లలో జరిగిన అమ్మకాలను ఒక కాగితం మీద రాసుకోండి.

ఈ అంకెలను యథాతథంగా నమ్మకూడదు. బిల్డరు దగ్గర బ్యాంకు రుణంతో కొన్న కొత్త ఫ్లాట్ల దస్తావేజుల్లో ధర చాలావరకు వాస్తవానికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే బ్యాంకు ఆ ధర మీదనే రుణం లెక్కిస్తుంది. చేతులు మారిన పాత ఫ్లాట్ల దస్తావేజుల్లో మాత్రం ప్రభుత్వ విలువకే రాయించుకునే అలవాటు ఇంకా పోలేదు. ప్రతిఫలం సరిగ్గా ప్రభుత్వ విలువతో సమానంగా కనిపిస్తే ఆ అంకెను పోలికలోకి తీసుకోకండి. దానికి మించి ఉన్నవాటినే తీసుకోండి. తెలంగాణలో ఎనిమిదేళ్ల విరామం తర్వాత ప్రభుత్వ విలువలను 2021 జులైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరోసారి సవరించారు. ఆ రెండు తేదీలకు అటూ ఇటూ ఉన్న దస్తావేజులను పోల్చేటప్పుడు అంకెలో కనిపించే పెరుగుదల అంతా మార్కెట్ పెరుగుదల కాదని గుర్తుంచుకోండి.

దస్తావేజులతో పాటు మనుషులను కూడా అడగండి. ఈమధ్యే అదే భవనంలో కొనుక్కుని వచ్చినవారు, సంఘం కార్యదర్శి, బ్యాంకు తరఫున విలువ కట్టే ఇంజనీరు, ఈ ముగ్గురిలో ఇద్దరు చెప్పిన మాట ఒక్కటైతే దాన్ని ఆధారంగా తీసుకోవచ్చు. మధ్యవర్తిని అడగడంలో తప్పు లేదు గానీ, రెరాలో నమోదు నంబరు ఉన్న ఏజెంటునే అడగండి. కొనేవారికి చెప్పే ధర ఒకటి, అమ్మేవారికి చెప్పే ధర మరొకటి ఉంటుంది కాబట్టి కుటుంబంలో ఒకరు కొనేవారిగా, మరొకరు అమ్మేవారిగా విడివిడిగా అడిగి చూస్తే రెండింటి మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది.

మూడవ మెట్టు: అమ్ముడుపోకుండా ఎంత నిలవ ఉందో లెక్కించండి

ధర రేపు ఎటు పోతుందో చెప్పగలిగిన ఆధారం ఏదైనా ఉంటే అది అమ్ముడుపోని ఫ్లాట్ల సంఖ్య. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో నిర్మాణ విస్తీర్ణంపై గరిష్ఠ పరిమితిని తొలగించడంతో, రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం నిబంధనలకు లోబడి ఎంత ఎత్తైనా కట్టుకునే వీలు హైదరాబాద్‌కు వచ్చింది. ముంబయి, బెంగళూరుల్లో పరిమితి ఉంటుంది కనుక ఎకరానికి వచ్చే ఫ్లాట్లను ముందే అంచనా వేయవచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఎదురుగా ఖాళీగా ఉన్న ఐదెకరాల్లో మూడేళ్ల తర్వాత వెయ్యి ఫ్లాట్లు లేవవచ్చు, అవన్నీ మీ ఫ్లాటుకు పోటీ అవుతాయి.

అందుచేత తెలంగాణ రెరా వెబ్‌సైటు తెరిచి, మీ హద్దులోని ప్రాజెక్టులను ఒక్కొక్కటిగా చూడండి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోనో, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోనో వచ్చే ప్రతి ప్రాజెక్టూ అక్కడ నమోదు కావాలి. మొత్తం ఎన్ని ఫ్లాట్లు, ఎన్ని బుక్ అయ్యాయి, పూర్తి చేస్తామన్న గడువు ఏది, ఆ గడువును పొడిగించుకున్నారా అన్న వివరాలు అక్కడ దొరుకుతాయి. మీ హద్దులోని ప్రాజెక్టులన్నిటిలో మిగిలిన ఫ్లాట్లను కూడి, ఏడాదికి సగటున ఎన్ని అమ్ముడవుతున్నాయో దానితో భాగించండి. ఏడాదిలోపు తరిగిపోయే నిలవైతే అమ్మేవారిది పైచేయి. రెండేళ్లకు మించి ఉంటే కొనేవారు నింపాదిగా బేరమాడవచ్చు. బుకింగుల సంఖ్య బిల్డరే నమోదు చేసేది కాబట్టి దాన్ని నేరుగా వెళ్లి చూసినదానితో సరిచూసుకోవడం మంచిది.

ఇక్కడ భూముల వేలం వార్తల గురించి ఒక మాట. కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం 2021లో గరిష్ఠంగా రూ.60.2 కోట్లు, 2023 ఆగస్టులో రూ.100.75 కోట్లు పలికింది. ఇలాంటి వార్త వచ్చిన మర్నాడే పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత ఫ్లాటు యజమాని కూడా ధర పెంచి చెప్పడం పరిపాటి. ఎకరానికి 4,840 గజాలు కనుక రూ.100.75 కోట్లంటే గజం సుమారు రూ.2.08 లక్షలు. ఆ ఎకరంలో నాలుగు లక్షల చదరపు అడుగులు కట్టగలిగితే భూమి ఖర్చు అడుగుకు రూ.2,500 దాటి కొంచెం మాత్రమే పడుతుంది. రెండు లక్షల అడుగులే కట్టగలిగితే రూ.5,000 పైన పడుతుంది. అంటే వేలం ధర ఆ స్థలంలో కట్టగలిగిన ఎత్తుకు చెల్లించిన ధర. నలభై అడుగుల రోడ్డు మీద ఐదంతస్తులకు మించి లేవలేని మీ కాలనీకి ఆ లెక్క వర్తించదు. అమ్మేవారు దీన్ని ఆశగా పెట్టుకోవద్దు, కొనేవారు దీన్ని చూసి భయపడవద్దు.

నాల్గవ మెట్టు: కాళ్లరిగేలా తిరగండి

రాత్రి ఎనిమిది గంటల వేళ ఆ అపార్ట్‌మెంటు ఎదురుగా నిలబడి దీపాలు వెలిగే కిటికీలను చూడండి. అన్ని ఫ్లాట్లూ అమ్ముడయ్యాయని చెప్పిన భవనంలో సగం కిటికీలు చీకటిగా ఉంటే, కొన్నవారిలో చాలామంది నివాసానికి కాక పెట్టుబడికి కొన్నారని అర్థం. వారిలో కొందరు ఏడాది రెండేళ్లలో అమ్మకానికి పెడతారు కాబట్టి, రెరా లెక్కలో కనిపించని నిలవ అక్కడ దాగి ఉంది. బాల్కనీలకు వేలాడే టులెట్ బోర్డులు కూడా ఇదే సంగతి చెబుతాయి. వాచ్‌మన్‌ను పలకరించి ఖాళీలు ఎన్ని, అద్దె ఎంత, మంజీరా కుళాయి నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తాయి, వేసవిలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు అని అడగండి. ట్యాంకర్ల ఖర్చు నెలనెలా మెయింటెనెన్సులో చేరుతుంది, అద్దెకు వచ్చేవారూ కొనేవారూ దాన్ని ధరలోంచి తీసివేసే లెక్క వేస్తారు.

వీలైతే ఒకసారి నడివేసవిలో, మరోసారి గట్టి వాన కురిసిన మర్నాడు వెళ్లండి. 2020 అక్టోబరు వరదల్లో చెరువుల శిఖం భూముల్లోనూ, అంటే నీళ్లు నిలిచే నేలలోనూ, నాలాల పక్కనా వెలసిన కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ ప్రాంతపు పాత నివాసులకు ఏ వీధిలో ఎంత లోతు నీరు నిలిచిందో ఇప్పటికీ గుర్తుంటుంది, అడిగితే చెబుతారు. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, అంటే హెచ్‌ఎండీఏ, చెరువుల వెబ్‌సైటులో పూర్తి నీటిమట్టం హద్దులు చూపే పటాలు ఉన్నాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తర్వాత చెరువుల్లోని కట్టడాల కూల్చివేతలు మొదలయ్యాయి. అప్పటి నుంచి చెరువుకు దగ్గరగా ఉన్న ఫ్లాట్లను జనం వేరుగా చూస్తున్నారు. చెరువు కనిపించే బాల్కనీ ఒకప్పుడు ధర పెంచేది, ఇప్పుడు పటం చూపమని అడిగేలా చేస్తోంది. అమ్మేవారు ఆ పటాన్ని ముందే తీసి పెట్టుకుంటే సగం అనుమానం తీరుతుంది.

ఐదవ మెట్టు: అద్దె, వడ్డీ, కాలం

ధర నిలబడుతుందా లేదా అని తేల్చుకోవడానికి అద్దె మంచి కొలబద్ద. రూ.1.05 కోట్ల ఫ్లాటుకు నెలకు రూ.30,000 అద్దె వస్తే ఏడాదికి రూ.3.6 లక్షలు, అంటే ధరలో 3.4 శాతం. చుట్టుపక్కల ఇదే మాదిరి ఫ్లాట్లకు ఈ శాతం ఎంత వస్తుందో లెక్కవేయండి. ఒక చోట ధర పెరుగుతూ అద్దె అక్కడే ఆగిపోయి ఉంటే, ఆ ధరను నడిపిస్తున్నది నివాసానికి వచ్చేవారు కాదు, మరింత ధరకు అమ్ముకోవచ్చన్న ఆశ. అలాంటి చోట కొనేవారు తొందరపడకూడదు, అమ్మేవారు ఆలస్యం చేయకూడదు.

రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 శాతం నుంచి 5.25 శాతానికి తగ్గించింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులు ఇచ్చిన చరవడ్డీ గృహరుణాలు ఇలాంటి బాహ్య రేటుకు ముడిపడి ఉంటాయి కాబట్టి రేటు తగ్గినా పెరిగినా నెల వాయిదా మీద ప్రభావం పడుతుంది. రూ.64 లక్షల రుణానికి ఇరవై ఏళ్ల గడువులో 8 శాతం వడ్డీకి వాయిదా సుమారు రూ.53,500, అదే 8.5 శాతానికి సుమారు రూ.55,500. తక్కువ రేటు ఉన్నప్పుడు లెక్కవేసి కొనేవారు మరో ఒక శాతం పెరిగినా కట్టగలరా అని ముందే చూసుకోవాలి.

కాలం సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకం. ఆషాఢంలోనూ, మూఢమి రోజుల్లోనూ, ధనుర్మాసంలోనూ ఇల్లు కొనడానికి చాలామంది ముందుకు రారు. శ్రావణంలో, దసరా తర్వాత, ఉగాదికి ముందూ వెనకా బేరాలు జోరందుకుంటాయి. పట్టింపు లేని కొనుగోలుదారులకు ఆషాఢం మేలైన అదను. ఆ నెలలో బేరం కుదుర్చుకుని, రిజిస్ట్రేషన్ శ్రావణంలో పెట్టుకుంటే ఇంట్లో పెద్దల మాట కూడా నిలబడుతుంది. అమ్మేవారు ఆషాఢంలో వచ్చిన తక్కువ ధరను చూసి మార్కెట్ పడిపోయిందని బెంగపడనక్కర లేదు.

కొనేవారు ఇక్కడి నుంచి

ముందు చేతి డబ్బు ఎంత కావాలో నిజాయితీగా లెక్కవేయండి. నిర్మాణంలో ఉన్న రూ.80 లక్షల ఫ్లాటు అనుకుందాం. జీఎస్‌టీ 5 శాతం, రూ.4 లక్షలు. తెలంగాణలో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు సుంకం 5.5, బదలాయింపు సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5, కలిపి 7.5 శాతం, అంటే రూ.6 లక్షలు. బ్యాంకు ఈ స్థాయి రుణానికి గరిష్ఠంగా విలువలో 80 శాతం, అంటే రూ.64 లక్షలు ఇస్తుంది. మిగిలిన రూ.16 లక్షలకు పన్నులు, రుసుములు చేరిస్తే మీ చేతి నుంచి రూ.26 లక్షలు రావాలి. పార్కింగు, సంఘం నిర్వహణకు ముందే కట్టే కార్పస్ ఫండ్, ఇంటీరియర్ పనుల ఖర్చు ఇంకా వేరు. నివాసయోగ్యతా పత్రం, అంటే ఓసీ, వచ్చిన తర్వాత అమ్మే ఫ్లాటుకు జీఎస్‌టీ ఉండదు. అందుకే పూర్తయిన ఫ్లాటు అడుగుకు కొంత ఎక్కువ చెప్పినా, మీరు ఈలోగా కట్టే అద్దెను కూడా కలుపుకుని పోల్చి చూస్తే చాలాసార్లు అదే నయమనిపిస్తుంది.

రెరా నమోదుకు ముందే సొమ్ము తీసుకునే ప్రీలాంచ్ బేరాల గురించి నేను గట్టిగానే చెప్పదలచుకున్నాను: వాటి జోలికి పోవద్దు. మొత్తం సొమ్ము ఒకేసారి కడితే సగం ధరకే ఫ్లాటు అనీ, ప్రస్తుతానికి యూడీఎస్ రిజిస్టరు చేసి ఇస్తామనీ చెప్పే పథకాలను నమ్మి ఈ నగరంలో ఎన్నో కుటుంబాలు ఉన్నదంతా పోగొట్టుకున్నాయి. రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం, బుకింగు తీసుకోవడం సంగతి చెప్పనే అక్కర లేదు. నమోదైన ప్రాజెక్టులో కూడా విక్రయ ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ప్రీలాంచ్‌లో ఈ రక్షణలేవీ ఉండవు. ధరలో మిగిలినట్టు కనిపించే సగం నిజానికి ఆ రక్షణలను వదులుకున్నందుకు ఇచ్చే సొమ్ము.

తక్కువ ధరకు న్యాయమైన దారి ఒకటి ఉంది. మన దగ్గర చాలా భవనాలు భూయజమానికీ బిల్డరుకూ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద లేస్తాయి. భూయజమాని వాటాకు వచ్చిన ఫ్లాట్లు బిల్డరు ధర కంటే కొంత తక్కువకు దొరకడం తరచూ జరుగుతుంది, ఎందుకంటే ఆయనకు ప్రకటనల ఖర్చు లేదు, సొమ్ము అవసరం ఉంటుంది. ఏ ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో చెప్పే సప్లిమెంటరీ అగ్రిమెంటు తప్పనిసరిగా అడిగి తీసుకుని, మీరు చూస్తున్న ఫ్లాటు నంబరు అందులో ఆయన పేరు కిందే ఉన్నదని నిర్ధారించుకోండి. అలాగే నిర్మాణ అనుమతి ఇచ్చేటప్పుడు కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. మీకు చూపిస్తున్న ఫ్లాటు ఆ తనఖా భాగంలో ఉందేమో అనుమతి పత్రంలో చూడండి. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా సంతకాలు పెట్టినవారు ఎందరో ఉన్నారు.

ఇక కాగితాలు. ముప్పై ఏళ్లలో ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు దస్తావేజులు, ఈసీ, మంజూరైన ప్లాను, ఓసీ, ఆస్తి పన్ను రసీదులు ఒక న్యాయవాదికి చూపించి లిఖితపూర్వక అభిప్రాయం తీసుకోండి. సర్వే నంబరు నిషేధిత ఆస్తుల జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే చూడవచ్చు. బ్యాంకు రుణం మంజూరు చేసింది కాబట్టి కాగితాలు సరిగ్గా ఉన్నట్టే అనుకోవద్దు. బ్యాంకు న్యాయవాది బ్యాంకు ప్రయోజనం చూస్తారు, మీ ప్రయోజనం చూడటానికి మీ న్యాయవాది కావాలి.

బయానా చిన్న మొత్తంగా, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి బేరంలో రూ.20,000, అంతకు మించిన నగదు అడ్వాన్సు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. ధర రూ.50 లక్షలు, అంతకు మించితే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి ఒక శాతం పన్ను (టీడీఎస్) మినహాయించి ప్రభుత్వానికి కట్టవలసిన బాధ్యత కొనేవారిదే. అమ్మేవారు విదేశంలో స్థిరపడినవారైతే ఆ ఒక శాతం నియమం వర్తించదు, మినహాయింపు చాలా ఎక్కువ ఉంటుంది. బయానాకు ముందే ఆయన నివాస స్థితి అడిగి తెలుసుకుని, చార్టర్డ్ అకౌంటెంటును కలవండి.

అమ్మేవారు ఇక్కడి నుంచి

మీరు మొదటి నాలుగు మెట్లలో సేకరించిన ధరలను దగ్గర పెట్టుకుని, జరిగిన ధరల మధ్యలో ఉన్న అంకె కంటే మూడు నుంచి ఐదు శాతం మాత్రమే ఎక్కువ చెప్పండి. మరీ ఎక్కువ చెప్పి నెలల తరబడి ప్రకటన అలాగే ఉంచితే, ఆ ఫ్లాటులో ఏదో లోపం ఉందన్న మాట మధ్యవర్తుల మధ్య పాకుతుంది, చివరికి మొదట అమ్మగలిగిన ధర కూడా రాదు. ఒకే ఫ్లాటును ఐదుగురు మధ్యవర్తులు ఐదు ధరలకు ప్రకటిస్తే కొనేవారికి కనిపించేది మీ ఆత్రుత. ఇద్దరికి మించి చెప్పకండి, ఇద్దరికీ ఒకే ధర చెప్పండి.

కాగితాలు సిద్ధంగా ఉన్న ఫ్లాటు త్వరగా అమ్ముడవుతుంది. ఈసీ తీయించండి, పన్ను బకాయిలు కట్టేయండి, ఆస్తి పన్ను రికార్డులోనూ కరెంటు మీటరులోనూ మీ పేరే ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లలో మీటరు ఇప్పటికీ బిల్డరు పేరు మీదే ఉంటుంది. సంఘం నుంచి బకాయిలు లేవన్న పత్రం తీసుకోండి. గృహరుణం తీరిపోయి ఉంటే, బ్యాంకు ముప్పై రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. రుణం ఇంకా ఉంటే ఎంత కడితే ఖాతా ముగుస్తుందో తెలిపే లేఖ, వారి దగ్గరున్న దస్తావేజుల జాబితా తీసి ఉంచండి. కొనేవారి బ్యాంకు ముందుగా అడిగేది ఆ రెండే.

పన్ను లెక్క బేరానికి ముందే వేసుకోండి. రెండేళ్లకు మించి మీ దగ్గర ఉన్న ఇల్లు అమ్మితే వచ్చేది దీర్ఘకాలిక మూలధన లాభం. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటికి, భారతదేశంలో నివసించే వ్యక్తులు రెండు పద్ధతుల్లో ఏది తక్కువైతే దాన్ని ఎంచుకోవచ్చు: కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచే సూచిక లేకుండా 12.5 శాతం, సూచికతో 20 శాతం. ఉదాహరణకు 2012-13లో రూ.40 లక్షలకు కొన్న ఫ్లాటును 2025-26లో రూ.90 లక్షలకు అమ్మారనుకోండి. మొదటి పద్ధతిలో లాభం రూ.50 లక్షలు, పన్ను రూ.6.25 లక్షలు. రెండవ పద్ధతిలో ఆ రెండు సంవత్సరాల సూచికలు 200, 376 కాబట్టి కొన్న ధర రూ.75.2 లక్షలుగా మారుతుంది, లాభం రూ.14.8 లక్షలు, పన్ను రూ.2.96 లక్షలు. రెండింటిపైనా సెస్సు అదనం. ధర మరీ వేగంగా పెరిగిన పశ్చిమ ప్రాంతాల్లో మొదటి పద్ధతే మేలు కావచ్చు. రెండూ వేసి చూడండి. విదేశాల్లో ఉన్న మనవారికి ఈ ఎంపిక లేదు. ఇల్లు అమ్మగా వచ్చిన లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా పన్ను మినహాయింపు వస్తుంది. రిటర్ను గడువులోగా ఆ సొమ్ము ఖర్చు కాకపోతే మూలధన లాభాల ఖాతాలో జమ చేయాలి.

దస్తావేజులో ధర తగ్గించి రాయమని కొనేవారు అడిగితే ఒప్పుకోవద్దు. లెక్కలో లేని నగదు ఎప్పటికైనా మీకే చుట్టుకుంటుంది. ప్రభుత్వ విలువ కంటే పది శాతానికి మించి తక్కువకు రాస్తే ఆ ప్రభుత్వ విలువనే మీ అమ్మకపు ధరగా పన్ను శాఖ లెక్కిస్తుంది, కొనేవారికి ఆ తేడా ఆదాయంగా మారుతుంది.

రిజిస్ట్రేషన్ రోజున పూర్తి సొమ్ము మీ ఖాతాలో పడిందని, లేదా బ్యాంకు డీడీ చేతికి వచ్చిందని చూసుకున్నాకే సంతకం పెట్టి, తాళాలు ఇవ్వండి. ఆ రోజు మీటరు రీడింగును, సంఘం రుసుము ఎంతవరకు కట్టారో ఆ వివరాన్ని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేసుకోండి. కొన్నవారు ఆస్తి పన్ను రికార్డులో పేరు మారిందో లేదో చూసుకుని, కరెంటు మీటరు పేరు మార్పిడికి ఆ నెలలోనే దరఖాస్తు పెట్టుకోవాలి.